నరం కరెంటు తీగ కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

నరాల జబ్బుల మీద ఎక్కడ ఏ వ్యాసం వచ్చినా మొదటి వాక్యం దాదాపు ఒకటే: "నరాలంటే మన ఒంట్లో కరెంటు తీగలు." పక్కన వెన్నుపూస మీద మెరుపులు మెరుస్తున్న బొమ్మ. చదివేవాళ్లకి చప్పున అర్థం కావాలని అలా రాస్తారు, తప్పుపట్టం. కాని ఆ పోలిక మా గోదావరి డెల్టాలో చాలామందిని పక్కదారి పట్టిస్తోంది. తీగే అనుకున్నాక దానికి వచ్చే జబ్బు ఒకటే, కరెంటు తగ్గడం. ఊళ్లో దానికి పేరు నరాల వీక్‌నెస్. మందూ ఒకటే, ఎర్రగా ఉండే బీ12 సూది. అరికాళ్లు మండినా అదే, చేతివేళ్లు తిమ్మిరెక్కినా అదే, రాత్రి నిద్ర పట్టకపోయినా అదే. నరంలో కబురు నిజంగా ఎలా నడుస్తుందో తెలిస్తే, అది ఎక్కడ ఆగిందో అడగాలన్న సంగతి తడుతుంది. ఆగిన చోటును బట్టి చేయాల్సిన పని పూర్తిగా మారిపోతుంది. ఈ ఉత్తరం రాసింది అందుకే.

ముందు మాటతోనే ఇబ్బంది ఉంది. "నరం దొరకలేదు" అని నర్సు అంటే అది రక్తనాళం. "మెడ నరం పట్టేసింది" అంటే చాలాసార్లు కండరం. "పిక్క మీద నరాలు ఉబ్బాయి" అంటే సిరలు. అసలు నరం వంతు వచ్చేసరికి నాలుగోది అవుతుంది. పోనీ నాడి అందామంటే మణికట్టు పట్టి చూసే నాడి అడ్డొస్తుంది. ఇక్కడ నరం అంటే మెదడు, వెన్నుపాముల నుంచి ఒళ్లంతా పాకే తెల్లటి కట్ట. కొబ్బరి తాడు పురి విప్పితే పీచు పోగులు వచ్చినట్టు, ఆ కట్ట విప్పితే వేల పోగులు వస్తాయి. ఒక్కో పోగూ ఒక్కో నాడీకణం చాచిన చెయ్యి. పాఠ్యపుస్తకాల్లో దాన్నే ఏక్సాన్ అంటారు. నడుం దగ్గరి కణం చాచిన పోగు కాలి బొటనవేలి దాకా, దగ్గర దగ్గర మీటరు పొడుగున, మధ్యలో అతుకన్నది లేకుండా వెళ్తుంది. లావుపాటి పోగు మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. సన్నవి అందులో ఇరవయ్యో వంతు.

ఆ పోగు లోపలా బయటా ఉన్నది ఉప్పునీళ్లే, ఉప్పులే వేరు. బయట లీటరుకు సుమారు 145 మిల్లీమోల్స్ (కరిగిన ఉప్పు లెక్కకి వాడే కొలత) సోడియం, లోపల 12 నుంచి 15. పొటాషియం సంగతి తిరగేసి: లోపల 140 దాకా, బయట నాలుగో ఐదో. రెంటికీ నడుమ ఉన్న పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. కబురేమీ లేని వేళ లోపలి వోల్టేజి బయటికన్నా 70 మిల్లీవోల్టులు తక్కువ, అంటే మైనస్ 70. టార్చిలైటు సెల్లులో ఇరవయ్యో వంతేగా అని తీసిపారేయడానికి లేదు. అంత పల్చటి పొర మీద పడే ఒత్తిడిని లెక్క కడితే మీటరుకు దాదాపు కోటి వోల్టులు తేలుతుంది.

డెల్టాలో పుట్టినవాళ్లకి దీన్ని తీగతో చెప్పడం ఎందుకు, ఏటిగట్టు ఉండగా? ఆగస్టు వరదలో గట్టెక్కి నిలబడితే ఒక పక్క గోదారి అంచుదాకా నిండి ఉంటుంది, రెండో పక్క చేలు పల్లంలో ఉంటాయి. ఆ గట్టు పొడుగునా అడుగుకో తూము ఉందనుకోండి, అన్నిటికీ తలుపులు వేసి ఉన్నాయి. ప్రతి తూముకీ ఒక గుణం: లోపలివైపు తన ముంగిట నేల కాస్త తడిస్తే తలుపు దానంతటదే లేస్తుంది. మొదటి తూము లేచింది. నీళ్లు గట్టుని అడ్డంగా దాటి లోపలికి దూకాయి. పక్క తూము ముంగిట తడిసింది, అదీ లేచింది. దాని తడి మూడోదానికి తగిలింది. అలా చివరి తూము దగ్గర కాపలా ఉన్న మనిషికి కబురు అందింది. మొదటి తూములో దూకిన నీళ్లు మాత్రం అక్కడిదాకా రాలేదు, రానక్కర్లేదు కూడా. నీళ్లు అడ్డంగా కదిలాయి, తలుపులు లేవడం గట్టు వెంట నడిచింది. నరంలో జరిగేది ఇదే. గోదారి బదులు సోడియం, తూముల బదులు పొరలో గుచ్చి ఉన్న ప్రొటీన్ ద్వారాలు.

ఆ ద్వారాల వేగం చూడండి. లోపలి వోల్టేజి మైనస్ 70 నుంచి మైనస్ 55 దాకా లేస్తే చాలు, అక్కడి సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుని వోల్టేజి ప్లస్ 30 దాటుతుంది. అర మిల్లీసెకను గడిచేసరికి అదే ద్వారానికి ఉన్న రెండో తలుపు పడుతుంది. ఈలోగా నిదానంగా లేచే పొటాషియం ద్వారాలు తెరుచుకుని, పొటాషియం బయటికి పోయి, వోల్టేజి మళ్లీ కిందికి దిగుతుంది. మిల్లీసెకనులో తతంగమంతా ముగుస్తుంది. రెండో తలుపు పడ్డ ద్వారం కాసేపటిదాకా, అంటే మరో మిల్లీసెకను దాకా, ఎంత తడిసినా లేవదు. కబురు వచ్చిన దారినే వెనక్కి మళ్లకపోవడానికి కారణం అదే. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఈ లెక్కల్ని స్క్విడ్ అనే సముద్రజీవి పోగు మీద తేల్చి 1952లో ప్రచురించారు. 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. స్క్విడ్‌నే ఎందుకు పట్టుకున్నారంటే దాని పోగు అర మిల్లీమీటరు పైచిలుకు మందం ఉంటుంది, లోపలికి సన్నటి తీగ దూర్చి కొలవొచ్చు. మన పోగులో అలా దూర్చడం కుదరదు.

ఇప్పుడు తీగతో పోల్చి చూడండి. రాగి తీగలో కబురు సెకనుకు లక్షల కిలోమీటర్లు పోతుంది, పోనుపోనూ పలచబడుతుంది. నరంలో ఎంత వేగంగా పోయినా సెకనుకు 120 మీటర్లు, కాని చివరిదాకా వోల్టేజి ఎత్తు తగ్గదు, ఎందుకంటే ప్రతి తూము దగ్గరా కొత్త నీళ్లు దూకుతున్నాయి. తూములు లేకుండా తీగలా వదిలేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లకే మూడో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన బొటనవేలి కబురు చీలమండ కూడా చేరదు. కబురు చిన్నది, పెద్దది అన్న తేడా కూడా ఉండదు. వేలి మీద మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒక పోగులో నడిచే కబురు ఎత్తు అంతే, సెకనుకు ఎన్నిసార్లు అన్నదే మారుతుంది. అందుకే వీక్‌నెస్ అన్న మాట మాకు మింగుడుపడదు. కబురు ఉంటుంది, లేదా ఉండదు. నీరసంగా నడిచే కబురంటూ లేదు.

దూకిన సోడియాన్ని తిరిగి బయటికి తోడాలి కదా. అలా తోడే మోటారు, కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అణువు ఒక్కటి ఖర్చుతో మూడు సోడియాలని బయటికి నెట్టి రెండు పొటాషియాలని లోపలికి లాగుతుంది. మోటారు ఆగితే వెంటనే చేను మునగదు. లావు పోగులో ఒక్కో కబురుకి దూకే సోడియం, ఉన్నదానితో పోలిస్తే నలుసంత. కాసేపు పని నడుస్తుంది, ఆ తర్వాతే లోపలా బయటా ఉప్పుల తేడా పోయి తూములు పనికిరాకుండా పోతాయి. ఇక్కడ ఓ పక్కమాట. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి వేరుచేసి చూపినవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా కనిపెట్టాడు. భీమవరం అంటే రొయ్యలు, కోడిపందేలు అని రాసే కలాలు ఏడాదికి ఒకసారైనా ఈ సంగతి రాస్తే బాగుండు.

బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చుని లేచేసరికి కాలు మొద్దుబారడం ఈ మోటారు కథే. నరానికి నెత్తురు అందించే సన్నటి నాళాలు నొక్కుకుపోయి, ఏటీపీ తగ్గి, కబురు ఆగుతుంది. లేచాక నెత్తురు వస్తుంది, ద్వారాలు కుదురుకునేదాకా వాటంతటవే లేచి పడుతుంటాయి. చీమలు పాకుతున్నట్టు ఉండేది అందుకే. రెండు మూడు నిమిషాల్లో పోతుంది, దానికి ఏ మందూ అక్కర్లేదు. ఇదే నొక్కుడు గంటల తరబడి పడితే మాట వేరు. మోకాలి కింద బయటివైపు, సన్న ఎముక తల చుట్టూ ఒక నరం చర్మం కిందనే తిరుగుతుంది, దాని మీద కొవ్వూ కండా ఉండవు. కూరగాయల మడుల్లో పొద్దస్తమానం గొంతుక్కూర్చుని కలుపు తీసేవాళ్లకి ఒక సాయంత్రం పాదం పైకి లేవకుండా పోతుంది. నడిస్తే మునివేళ్లు నేలకి ఈడుస్తాయి, చెప్పు జారుతుంది. పక్షవాతమని ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. చెయ్యి బావుండి, మూతి వంకర లేకుండా, పాదం ఒక్కటే వేలాడుతుంటే ఈ నరాన్ని అనుమానించాలి. అలాగని ఇంట్లోనే తేల్చేసుకోకూడదు, అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఎక్కువమందిలో దెబ్బ తినేది పోగు కాదు, ఆ చోట ఉన్న తొడుగు. గొంతుక్కూర్చోవడం మానేసి, పాదం వేలాడకుండా పట్టీ వేసుకుంటే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో తిరిగొస్తుంది.

ఆ తొడుగే మయలిన్. ష్వాన్ కణాలు పోగు చుట్టూ పదుల పొరలుగా చుట్టుకుని ఉంటాయి. మిల్లీమీటరు, మిల్లీమీటరున్నరకి ఒకచోట తొడుగు తెగి సన్నటి సందు ఉంటుంది. చెరకు గడకి కణుపుల్లాగే, వాటినీ రాన్వియర్ కణుపులనే అంటారు. తూములన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. కబురు కణుపు నుంచి కణుపుకి గెంతుతుంది. తొడుగున్న లావు పోగుల్లో సెకనుకు 70 నుంచి 120 మీటర్లు, తొడుగు పల్చగా ఉన్నవాటిలో 5 నుంచి 30, తొడుగే లేని సన్న పోగుల్లో అర మీటరు నుంచి రెండు మీటర్లు. కాలి బొటనవేలు గడపకి కొట్టుకున్నప్పుడు ఈ తేడా ఎవరికి వారే కొలుచుకోవచ్చు. ముందు చురుక్కుమంటుంది. "అమ్మా" అని కాలు లాక్కుని, వేలు పట్టుకుని, ఓ క్షణం ఊపిరి బిగబట్టాక అసలు పోటు మొదలవుతుంది. మొదటిది 20 మీటర్ల వేగంతో నడుం దాకా వచ్చింది, సెకనులో ఇరవయ్యో వంతు పట్టింది. రెండోది మీటరు వేగంతో నడిచింది, నిండు సెకను తీసుకుంది. దెబ్బ ఒకటే, దారులు రెండు.

ఈ వేగాన్ని ఆసుపత్రిలో కొలిచే పరీక్షకే నెర్వ్ కండక్షన్ స్టడీ అని పేరు. వేలు పోసి చేయించుకుంటున్నారు కాబట్టి లెక్క ఎలా వస్తుందో తెలిసి ఉండటం మంచిది. బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీద బిళ్ల అతికిస్తారు. మణికట్టు దగ్గర చిన్న షాక్ ఇస్తే 3.2 మిల్లీసెకన్లకి ఆ కండ కదిలిందనుకుందాం. మోచేయి మడత దగ్గర ఇస్తే 7.2 మిల్లీసెకన్లు పట్టింది. తేడా 4. టేపుతో కొలిస్తే రెండు చోట్లకీ మధ్య 220 మిల్లీమీటర్లు. 220ని 4తో భాగిస్తే 55, అంటే సెకనుకు 55 మీటర్లు. చేతిలో 50, కాలిలో 40 దాటితే సాధారణంగా బాగున్నట్టే. రెండు చోట్ల ఎందుకంటే నరం చివర కండకి కబురు దాటేటప్పుడు కొంత ఆలస్యం ఉంటుంది, తీసివేతలో అది కొట్టుకుపోతుంది. ఇందులో తరచూ జరిగే పొరపాటు చలి. చర్మం ఒక డిగ్రీ చల్లబడితే వేగం దాదాపు 2 మీటర్లు పడిపోతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లారగట్ల బండి మీద వచ్చి, ఏసీ గదిలో కూర్చుని, 26 డిగ్రీల చేతిని బల్ల మీద పెడితే 55 ఉండాల్సింది 43 వస్తుంది. లేని జబ్బు రిపోర్టులో పుట్టుకొస్తుంది. చెయ్యి 32 డిగ్రీలు ఉండేలా గోరువెచ్చటి నీళ్లలో పెట్టి తుడిచి పరీక్ష చేయాలి. చేతి వేడి కొలిచారా అని అడగడం నామోషీ కాదు.

ఆ రిపోర్టులో వేగంతో పాటు ఎత్తు కూడా ఉంటుంది, అది ఒక్క పోగుది కాదు, ఎన్నో పోగుల కబుర్లు కలిసిన ఎత్తు. వేగం బాగా తగ్గితే తొడుగు పాడైనట్టు. వేగం పెద్దగా తగ్గకుండా ఎత్తు పడిపోతే పోగులే చచ్చిపోతున్నట్టు. రెంటికీ వైద్యం వేరు. కాళ్లలో మొదలైన చచ్చు రోజుల వ్యవధిలో తొడలకి, చేతులకి పాకుతుంటే గులియన్ బారే జబ్బు కావచ్చు. అందులో చాలాసార్లు దెబ్బ తినేది తొడుగే. ఊపిరి కండరాలకి ఎక్కేలోగా పెద్దాసుపత్రికి చేరాలి, ఇమ్యునోగ్లోబ్యులిన్ గాని ప్లాస్మా మార్పిడి గాని చేస్తారు. సూదులు పొడిపించుకుంటూ వారం గడపకూడని జబ్బు ఇది.

మరో ముఖ్యమైన సంగతి. ఈ పరీక్ష లావు పోగుల్నే చూస్తుంది. మంటని, వేడిని మోసే సన్న పోగుల కబురు ఇందులో కనపడదు. అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు ఉన్నాయని షుగరున్నవాళ్లు మొత్తుకుంటారు, రిపోర్టులో అంతా నార్మల్ అని వస్తుంది. ఇంట్లోవాళ్లు "నీదంతా భ్రమ" అంటారు. భ్రమ కాదు, కొలిచిన పోగులు వేరు, మండుతున్న పోగులు వేరు.

షుగరు ముందు పాదాలనే ఎందుకు పట్టుకుంటుందన్నదానికీ జవాబు పోగు పొడుగులోనే ఉంది. తూములు, మోటార్లు అన్నీ నడుం దగ్గరి కణంలోనే తయారై పోగు వెంట చివరికి చేరాలి. వేగంగా వెళ్లే సరుకు రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు పోతుంది, అంటే పాదానికి రెండున్నర నుంచి ఐదు రోజులు. నిదానంగా వెళ్లే సరుకు రోజుకు ఒకటి నుంచి కొద్ది మిల్లీమీటర్లే, నెలలు పడుతుంది, ఏడాది దాటినా దాటొచ్చు. సన్న నాళాలు దెబ్బతిని, శక్తి చాలక, రవాణా మందగిస్తే ముందు ఎండేది శివారు చేనే. కాలువ చివరి భూములున్న రైతుకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే ముందు కాలివేళ్లు, ఆనక పాదం, తిమ్మిరి మోకాలి దాకా వచ్చేసరికి చేతివేళ్లు. ఇలా రెండు పాదాల్లో సమానంగా, మేజోడు తొడిగినట్టు వస్తే షుగరు, బీ12, థైరాయిడ్, మద్యం వంటివి వెతకాలి. షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, వాళ్లకి ఆ సూది నిజంగానే మందు. తగ్గిందో లేదో నెత్తురు పరీక్షలో తేలుతుంది. అలాకాక ఒక చేతిలోనే, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటున్నట్టు. దానికి ముందు రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవాలి. ఎన్ని బీ12 సూదులు వేసినా మణికట్టులో సందు వెడల్పవదు.

బలం మాత్రలతో ఇంకో ప్రమాదం ఉంది. వాటిలో ఉండే బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలని చంపి తిమ్మిరి తెస్తుంది. తిమ్మిరి పెరిగిందని మోతాదు పెంచుతారు! ఫోలిక్ యాసిడ్ కూడా అంతే. బీ12 లేని మనిషికి అదొక్కటే ఇస్తే నెత్తురు బాగుపడినట్టు కనిపిస్తుంది, వెనకాల వెన్నుపాము చెడిపోతూ ఉంటుంది.

పాదాల స్పర్శ చూడటానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు, 128 హెర్ట్జ్ శ్రుతిదండం (తడితే అదిరే ఉక్కు కడ్డీ) చాలు, ఐదు నిమిషాల పని. షుగరున్న ప్రతివాళ్లూ ఏడాదికోసారి చేయించుకోవాలి. స్పర్శ తగ్గినవాళ్లు స్నానానికి నీళ్ల వేడి కాలితో చూసుకోకూడదు, మోచేత్తో చూసుకోవాలి. మోచేతి పోగు పొట్టిది, దానికి సరుకు ఇంకా అందుతూ ఉంటుంది. ఎండలో గట్ల మీద ఉత్త కాళ్లతో నడవకూడదు.

ఇక తూములకే తగిలే దెబ్బలు. పంటి డాక్టరు నొప్పి తెలియకుండా ఇచ్చే లిగ్నోకెయిన్ పోగు లోపలికి దూరి సోడియం ద్వారాన్ని లోపలివైపు నుంచి బిగిస్తుంది. సన్న పోగులు ముందు ఆగుతాయి, నొప్పి పోయాక కూడా నొక్కుతున్నట్టు తెలిసేది అందుకే. పన్ను దగ్గర చీము పట్టి ఉంటే మందు పారదు. చీము చోట ఆమ్లం ఎక్కువ, ఆమ్లంలో మందు అణువు విద్యుదావేశం తెచ్చుకుని కొవ్వు పొర దాటలేక బయటే ఉండిపోతుంది. "ముందు వాపు తగ్గనీ" అని డాక్టరు పంపేస్తే పని ఎగ్గొట్టడమని అనుకోకండి. లాంబ్డా సైహలోత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులది సరిగ్గా ఎదురు పని. అవి ద్వారాన్ని మూసుకోనివ్వవు, ఒక్క కబురు పోవాల్సిన చోట వరసగా పోతూనే ఉంటాయి. ఆకుముడతకి మందు కొట్టి వచ్చినవాళ్లకి గంటా గంటన్నరలో బుగ్గలు, పెదాలు జివ్వుమంటాయి, చెమట పట్టేకొద్దీ ఎక్కువవుతుంది. చర్మం మీద పడ్డంతవరకే అయితే సబ్బుతో చల్లటి నీళ్లతో కడుక్కుంటే ఒక రోజులో పోతుంది.

ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ జాతి వేరు. వాటివల్ల పోగులో కబురు ఆగదు. తంటా అంతా రేవు దగ్గర, అంటే నరం చివర కబురు కండకి దాటేచోట. అక్కడ సందు మిల్లీమీటరులో ఇరవైవేలో వంతు. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై ఆ సందు దాటి కండని తట్టిలేపుతుంది, వెంటనే ఒక ఎంజైము దాన్ని తునకలు చేసేస్తుంది. ఈ మందులు ఆ ఎంజైముని కట్టేస్తాయి. రసాయనం పేరుకుపోయి చొంగ, చెమట, కన్నీళ్లు, ఛాతీలో గళ్ల, ఆవగింజంత కంటిపాప, కండలు అదరడం. పై రెండు జాతులూ కలిపిన డబ్బాలు బజారులో ఉన్నాయి, ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం అని చీటీ మీద ఉంటుంది. మనిషితో పాటు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముందు బట్టలు విప్పి, జుట్టు, గోళ్లతో సహా సబ్బుతో కడగాలి, కడిగేవాళ్లు చేతులకి తొడుగు వేసుకోవాలి. ఉప్పునీళ్లు పట్టించి కక్కించకూడదు. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు అట్రోపిన్‌తో ఛాతీ పొడిబారాక మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు, ఇంటికి తీసుకుపోతామని గొడవ పడేది అప్పుడే. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండలు, ఊపిరి కండలు చచ్చుపడే దశ వస్తుంది. దిండు మీంచి తల ఎత్తమంటే ఎత్తలేకపోవడం దానికి మొదటి గుర్తు. ఆ నాలుగు రోజులూ కదిలించకండి.

తాచు, కట్లపాముల విషం దెబ్బ కొట్టేదీ ఈ రేవు దగ్గరే. తాచుపాము విషం కండ వైపు గుమ్మాన్ని మూసేస్తుంది, నియోస్టిగ్మిన్ అనే మందు, దాంతో అట్రోపిన్ ఇస్తే కొంతమందిలో గుమ్మం మళ్లీ తెరుచుకుంటుంది. కట్లపాము విషం ఎక్కువగా నరం వైపు రేవునే కూలగొడుతుంది. కొత్త రేవు మొలవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు కావాలి. ఒంట్లో తిరిగే విషాన్ని విరుగుడు సూది పట్టుకుంటుంది గాని కూలిన రేవుని కట్టదు, అందుకే ఆలస్యమయ్యేకొద్దీ దాని పస తగ్గుతుంది. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, గాటు కనపడకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, ఆ తర్వాత కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనపడటం, గుటక పడకపోవడం. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి పొద్దున్నే రెప్పలు వాలుతుంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, కరిచిన అవయవం కదలకుండా బద్ద కట్టి తీసుకెళ్లాలి. వెంటిలేటరు మీద ఉన్న ఆ మనిషి కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, కంటిపాప వెలుతురుకి ముడుచుకోకపోవచ్చు, మెదడు చచ్చిపోయిందనిపిస్తుంది. కాని పోగుల్లో కబుర్లు నడుస్తూనే ఉంటాయి, మంచం పక్కన మాట్లాడుకునేది అతనికి వినపడుతూ ఉండొచ్చు. రేవు మొలిచేదాకా ఊపిరి పోస్తే లేచి కూర్చుంటాడు.

మీ విలేకరులకి ఒక మనవి. ఊడ్పులు మొదలయ్యాక పాముకాటు వార్తలు రోజూ వస్తాయి. "విషం తలకెక్కి మృతి" అని రాయడం మానేసి, కాటు పడిన వేళ, ఆసుపత్రికి చేరిన వేళ, రెప్పలు వాలింది ఎప్పుడు, ఆ ఆసుపత్రిలో వెంటిలేటరు ఉందా లేదా, ఈ నాలుగూ రాయండి.

ఇట్లు,
ఇద్దరు శరీరధర్మశాస్త్ర అధ్యాపకులు,
అమలాపురం.